కూల్‌డ్రింక్ పేరు పలకని పాట: జపాన్ పానీయాల యాడ్లలో సంగీతం చేసే పని

క్లుప్తంగా: జపాన్‌లో జనానికి బాగా గుర్తుండిపోయిన పానీయాల యాడ్ పాటలు చాలావాటిలో ఆ పానీయం పేరే ఉండదు. యాడ్ నిడివి 15 సెకన్లే కావడం, పోటీ సరుకుల మధ్య రుచిలో పెద్ద తేడా లేకపోవడం, పాట హిట్టయితే రికార్డు కంపెనీకీ లాభం రావడం దీనికి ముఖ్య కారణాలు. ఆ పాటలను వరసగా వింటే ఆ దేశంలో పని, అలసట, డబ్బు గురించి జనం ఎప్పుడెలా అనుకున్నారో కూడా కొంత తెలుస్తుంది.

యూట్యూబ్‌లో 1980ల నాటి జపాన్ యాడ్లను ఒకదాని వెనక ఒకటి అతికించిన వీడియోలు బోలెడు. మొదటిసారి చూసేవాళ్ళకు ఒక సందేహం వస్తుంది. పాట బాగుంటుంది, ఎవరో పరిగెడుతుంటారు, ఎవరో నవ్వుతుంటారు, చివర్లో ఒక క్యాన్ కనిపిస్తుంది, అంతే. ధర గురించి ఒక్క ముక్క ఉండదు, రుచి గురించీ పెద్దగా చెప్పరు. మన దగ్గర యాడ్ పాట అంటే సరుకు పేరును నాలుగుసార్లు చెవిలో వేసేదే కాబట్టి ఇది వింతగా అనిపిస్తుంది. దీని వెనక పక్కా వ్యాపారం లెక్క ఉంది.

15 సెకన్లలో ఎంత పాట పడుతుంది?

జపాన్ టీవీలో మామూలు యాడ్ నిడివి 15 సెకన్లు. 30 సెకన్లవీ ఉంటాయి కానీ రోజంతా తిరిగేవి ఎక్కువగా చిన్నవే. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటను తీసుకుంటే 15 సెకన్లకు 30 దెబ్బలు వస్తాయి, అంటే నాలుగు దెబ్బల తాళంలో ఏడున్నర ఆవర్తాలు. చివరి రెండు మూడు సెకన్లు సరుకు బొమ్మకూ కంపెనీ పేరుకూ పోతాయి. మిగిలిన దాంట్లో ఒక పల్లవి పడుతుంది, చరణానికి చోటు లేదు. ఈ ఇరుకులోనే సరుకు గురించి వివరంగా చెప్పాలంటే మాట వేగంగా పరిగెత్తాలి, అలా పరిగెత్తే మాట బుర్రలో నిలవదు. ఒక్క మంచి పల్లవి మాత్రం నిలుస్తుంది.

ఇక సరుకు సంగతి. జపాన్‌లో పానీయాలు అమ్మే వెండింగ్ మెషీన్లే 20 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక మెషీన్ ముందు నిలబడితే కాఫీ క్యాన్లు, టీ సీసాలు, సోడాలు పక్కపక్కనే వరసగా, దాదాపు ఒకే ధరకు కనిపిస్తాయి. అక్కడ కొనేవాడు ఆలోచించేది రెండు మూడు సెకన్లే, ఆ కాస్త సమయంలో చెయ్యి ఏ బటన్ మీదికి వెళ్తుందన్నదే కంపెనీలకు ముఖ్యం. అందుకే యాడ్ మీద రుచిని వివరించే భారం పెట్టరు. దప్పిక వేసిన మధ్యాహ్నం, ఆఫీసు మెట్ల మీద విరామం, రాత్రి ఒంటరిగా కూర్చున్న బార్ లాంటి ఒక సందర్భాన్ని పట్టుకుని దానికి ఒక బాణీ అంటిస్తారు. ఆ సందర్భం మళ్ళీ ఎదురైనప్పుడు బాణీ దానంతటదే గుర్తుకు రావాలి, బాణీతో పాటు క్యాన్ గుర్తుకు రావాలి.

మాటల్లేని హమ్మింగ్

ఈ అలవాటు చాలా పాతది. జపాన్‌లో ప్రైవేటు రేడియో 1951 సెప్టెంబరులో మొదలైంది. ఆ నెలలోనే ప్రసారమైన తొలి యాడ్ పాట ఒక కెమెరా ఫిల్ము కంపెనీ కోసం తోరిరో మికి రాసి కట్టింది. అందులో కంపెనీ పేరుగానీ సరుకు పేరుగానీ లేదు, ఫొటోలు సరిగ్గా రాక తిప్పలు పడే ఒక ఔత్సాహికుడి గోడు మాత్రమే ఉంది. 1953 ఆగస్టులో ప్రైవేటు టీవీ వచ్చాక పేరును పదేపదే పలికే జింగిల్స్ కూడా లెక్కలేనన్ని వచ్చాయి కానీ, మొదట పడిన దారి మూసుకుపోలేదు.

1960ల చివర్లో సంటోరీ అనే పానీయాల కంపెనీ వాళ్ళ ఓల్డ్ విస్కీకి అసెయి కొబయాషి ఒక వరస కట్టాడు. అందులో అర్థమున్న మాట ఒక్కటీ లేదు, బరువైన గొంతు ఒకటి హమ్ చేస్తూ పోతుంది. జపాన్‌లో ఒక తరం మగవాళ్ళకు పొద్దుగూకి పని ముగిసే వేళ అంటే ఇప్పటికీ ఆ వరసే. 1970ల్లో నెస్కెఫే గోల్డ్ బ్లెండ్ ఇన్‌స్టంట్ కాఫీ కూడా ఇదే దారి పట్టింది. మసావో యాగి కట్టిన బాణీకి కాయో ఇషు పాడిన ‘దబదబ’ ఆలాపన, తెర మీద తన రంగంలో పేరున్న ఒక మనిషి, ‘తేడా తెలిసిన మనిషి’ అనే ఒక్క వాక్యం. ఇన్‌స్టంట్ కాఫీ అంటే హడావిడిలో కలుపుకునే చవక సరుకు అన్న అభిప్రాయాన్ని వాదించి పోగొట్టడం కష్టం. జాజ్ ఛాయలున్న ఆలాపన ఆ వాదన జోలికే పోకుండా ఆ కప్పును ఇంకో మెట్టు మీద కూర్చోబెట్టింది. కాయో ఇషు పేరు తెలియని జపాన్ వాళ్ళు ఉండొచ్చు, ఆమె గొంతు వినని వాళ్ళు మాత్రం అరుదు. 1974 నాటి హైడీ కార్టూన్ సీరియల్ టైటిల్ పాట కూడా ఆమెదే.

మాటల్లేకపోతే ఇంకో లాభం కూడా ఉంది. పాటలో మాటలు ఉంటే అవి నటుడి డైలాగుతోనో వెనక వచ్చే వ్యాఖ్యానంతోనో తగువు పడతాయి, ఆలాపన అయితే మాటలకు దారి ఇస్తుంది. 2004లో సంటోరీ ఇయెమోన్ గ్రీన్ టీ వచ్చినప్పుడు జో హిసాయిషి కట్టిన వాద్య సంగీతం కూడా ఇదే పని చేసింది. 1790లో క్యోతో ప్రాంతంలో మొదలైన ఫుకుజుయెన్ అనే టీ దుకాణం పేరు మీద వచ్చిన సీసా అది, పాతకాలపు టీ వ్యాపారి, అతని భార్య యాడ్‌లోని మనుషులు. గిరాకీ ఎంత వచ్చిందంటే విడుదలైన కొద్ది రోజులకే సరఫరా ఆపాల్సి వచ్చింది. అందులో సంగీతం వాటా ఎంత, పాత దుకాణం పేరు వాటా ఎంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. యాడ్ సంగీతం గురించి మాట్లాడేవాళ్ళు తరచుగా దాటేసే సంగతి ఇది. సరుకు బాగా అమ్ముడైతే పాట ఖాతాలో వేయడం తేలిక, కానీ మంచి పాట ఉండి కూడా కనుమరుగైన పానీయాలు తక్కువేమీ కాదు.

రాక్ బృందం విడిపోయి యాడ్లలోకి వచ్చింది

యాడ్ పాటకూ మామూలు సినిమా పాటకో ఆల్బమ్ పాటకో మధ్య ఉన్న గోడ జపాన్‌లో ఎలా పలచబడిందో చూడాలంటే హప్పీ ఎండ్ అనే రాక్ బృందం కథ చాలు. జపనీస్ భాషలోనే రాక్ పాడొచ్చని చూపించిన ఆ నలుగురి బృందం 1972 చివరికి విడిపోయింది. అందులో ఒకడైన ఎయిచి ఓటాకికి యాడ్ సంగీత నిర్మాత అకియో ఓమోరి నుంచి పిలుపు వచ్చింది, మిట్సుయా సైడర్‌కు పాట చెయ్యమని. సైడర్ అంటే అక్కడ ఆల్కహాల్ లేని తియ్యటి సోడా. 1973 పాట అందరికీ నచ్చడంతో తర్వాతి సంవత్సరాల్లోనూ అతనే సైడర్ పాటలు చేశాడు.

అప్పట్లో యాడ్ సంగీతం అంటే స్టూడియో వాద్యగాళ్ళు గంటల్లో ముగించే పని. ఓటాకి మాత్రం అమెరికా పాప్‌లోని గొంతుల పొరలను, ఒకే గొంతును మళ్ళీమళ్ళీ రికార్డు చేసి పేర్చే పద్ధతిని ఆ కొద్ది సెకన్లలో ప్రయోగించి చూశాడు. అంత చిన్న పాట మీద అంత శ్రమా అంటే, దానికి డబ్బు ఇచ్చేది కంపెనీ, వినేది దేశమంతా, ఆల్బమ్ అమ్ముడవుతుందో లేదో అన్న టెన్షన్ లేదు. ప్రయోగాలకు అంతకన్నా మంచి చోటు ఆనాటి యువ సంగీతకారులకు దొరకలేదు. 1977లో అతను తన యాడ్ పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్‌గానే వేశాడు. ఇవాళ సిటీ పాప్ అని ప్రపంచమంతా వింటున్న ఆ తేలికైన, మెరిసే ధ్వనికి కొంత సాధన ఈ సోడా పాటల్లోనే జరిగింది.

మన వైపు దీనికి దగ్గరి పోలిక ఏ.ఆర్. రెహమాన్. సినిమాల్లోకి రాకముందు మద్రాసులో ఏళ్ళ తరబడి జింగిల్స్ చేశారు, వాటిలో లియో కాఫీ యాడ్ బాగా పేరు తెచ్చింది, 1992లో రోజా వచ్చింది. అయితే తేడా కూడా స్పష్టంగానే ఉంది. ఇక్కడ జింగిల్ సినిమాకు మెట్టు, మెట్టు ఎక్కాక దాన్ని దాదాపు వదిలేస్తారు. జపాన్‌లో పెద్ద పేరు వచ్చాక కూడా యాడ్‌కు పాట చేయడం తక్కువ పనిగా ఎవరూ చూడలేదు.

పాట ఎవరిదో చెప్పని పెంగ్విన్

హప్పీ ఎండ్‌లో డ్రమ్స్ వాయించిన తకాషి మత్సుమోతో గీత రచయితగా మారాడు. 1983లో సంటోరీ క్యాన్ బీర్‌కు ఒక యానిమేషన్ యాడ్ వచ్చింది. బార్ వేదిక మీద ఒక ఆడ పెంగ్విన్ నెమ్మదైన ప్రేమగీతం పాడుతుంటే, కింద కూర్చున్న ఇంకో పెంగ్విన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మొదట్లో గాయని పేరు తెర మీద వెయ్యలేదు. యాడ్‌లో వినపడిన భాగం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఎవరో విదేశీ గాయని అనుకున్నవాళ్ళు ఉన్నారు, ఎవరు పాడారంటూ ఆరాలు మొదలయ్యాయి, ఆ తర్వాత తెర మీద పేరు పడింది. సెయికో మత్సుదా. అప్పటికి ఆమె దేశంలోకెల్లా పెద్ద ఐడల్ గాయని (కుర్రకారు వెర్రిగా అభిమానించే పడుచు పాప్ తార), చిన్నపిల్ల గొంతుతో హుషారు పాటలు పాడుతుందని అందరికీ ఒక అంచనా ఉంది.

‘స్వీట్ మెమరీస్’ అనే ఆ పాట ఆగస్టులో వచ్చిన ఆమె సింగిల్‌కు రెండో వైపు పాట మాత్రమే. యాడ్ పుణ్యమా అని జనం దానికోసమే రికార్డు అడగడంతో, రెండు పాటలూ మొదటి వైపు పాటలేనని చెప్పి మళ్ళీ విడుదల చేశారు, సింగిల్ మళ్ళీ చార్టు పైకి ఎక్కింది. మత్సుమోతో మాటలు, మసాఅకి ఓమురా బాణీ. పెంగ్విన్ మీద 1985లో పూర్తి నిడివి సినిమా కూడా తీశారు. బీరు రుచి గురించి యాడ్‌లో దాదాపు ఏమీ లేదు. వయసు, జ్ఞాపకం, కాస్త విచారం ఉన్నాయి, బీరు తాగేవాళ్ళకు అవి సరిపోయాయి. రికార్డు కంపెనీలకు మాత్రం అందులో ఇంకో పాఠం దొరికింది. పానీయాల కంపెనీ తన డబ్బుతో కొన్న టీవీ సమయం పాటకు ఉచిత ప్రచారం అవుతుంది.

పొకారీ స్వెట్: నాలుగు వేసవులు, అదే జంట

ఈ పాఠం 1990ల్లో ఫ్యాక్టరీ స్థాయికి చేరింది. యాడ్ కంపెనీ, రికార్డు కంపెనీ, పాట హక్కులున్న పబ్లిషర్ ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. ఏ నెలలో యాడ్ మొదలవుతుంది, ఏ వారంలో సీడీ దుకాణాల్లోకి వస్తుంది అన్నది ముందే ఖాయమవుతుంది. యాడ్‌కు కొత్త పాట దొరుకుతుంది, పాటకు రోజుకు ఎన్నోసార్లు టీవీలో మోగే అవకాశం దొరుకుతుంది.

ఒత్సుకా కంపెనీ 1980లో తెచ్చిన పొకారీ స్వెట్ దీనికి మంచి నమూనా. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌ను తాగే రూపంలోకి మార్చాలన్న ఆలోచన నుంచి పుట్టిన పానీయం అది. రుచి తీపీ కాదు ఉప్పూ కాదు, పేరులో చెమట ఉంది. మొదట్లో చాలామందికి నచ్చలేదు, కంపెనీ పెద్ద ఎత్తున ఉచితంగా పంచాల్సి వచ్చింది. ఇలాంటిదాన్ని రుచి చూపించి అమ్మలేరు, కాబట్టి చెమట పట్టే వయసును చూపించారు. నీలి ఆకాశం, సముద్రం, పరిగెత్తే అమ్మాయి, అలా వేసవి మొత్తం.

1993లో జార్డ్ అనే బృందం పాడిన ‘యురేరు ఒమోయి’ ఈ యాడ్‌తోనే వచ్చి పది లక్షల కాపీలు దాటింది. 1994లో డీన్, 1995లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ, 1996లో మళ్ళీ జార్డ్. పైకి చూస్తే మూడు వేరువేరు బృందాలు. నిజానికి నాలుగు పాటలకూ మాటలు రాసింది జార్డ్ గాయని ఇజుమి సకాయి, బాణీలు కట్టింది తెత్సురో ఓడా. గొంతు మారుతుంది కాబట్టి వినేవాళ్ళకు కొత్తగా ఉంటుంది, రాసే చేతులు మారవు కాబట్టి పొకారీ వేసవి వాసన మారదు. ‘యురేరు ఒమోయి’ నేరుగా పల్లవితోనే మొదలవుతుంది. పల్లవి ముందుకు జరగడం ఆ దశాబ్దంలో జపాన్ పాప్‌లో చాలా మామూలైపోయింది, టీవీలో విన్న ముక్కనే సీడీ పెట్టగానే వినిపించాలన్న అవసరం దానికి ఒక కారణం. యాడ్ నిడివి పాట కట్టడాన్నే మార్చిందన్న మాట.

దీనివల్ల నష్టం లేదా అంటే ఉంది. పల్లవి తప్ప మిగతాదంతా నింపుడు సరుకులా కట్టిన పాటలు ఆ రోజుల్లో కుప్పలుగా వచ్చాయి, వేసవి దాటగానే మాయమయ్యాయి. ఓడా, సకాయి జంట పాటలు అలా పోలేదు, కారణం చరణాల్లోనూ పస ఉండటమే.

రీగెయిన్: ఒకే పేరు, పదేళ్ళ తేడాతో రెండు సంగీతాలు

జపాన్ పానీయాల యాడ్ సంగీతంలో ఒక్కదాన్నే దగ్గరగా చూడాలంటే అది రీగెయిన్. సాంక్యో మందుల కంపెనీ 1988లో తెచ్చిన చిన్న సీసా, అలసట తగ్గడానికి గడగడా తాగేసే టానిక్. యాడ్‌లో నటుడు సబురో తోకితో సూటూ బూటూ వేసుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని ప్రపంచమంతా తిరుగుతాడు. నినాదం ‘24 గంటలూ పోరాడగలరా?’. పాట మిలటరీ మార్చ్ తరహాలో, అడుగు వేయించే దెబ్బతో నడుస్తుంది. దాని పేరు ‘ధైర్యానికి గుర్తు’, ఆ గుర్తు సీసా మీది పసుపు, నలుపు రంగులే. ఇందులో సరుకు పేరుతో పాటు సరుకు రంగునూ పాడించారు. 1989లో పాట సీడీగా వచ్చింది, నినాదం ఆ ఏడాది అందరి నోళ్ళలో నానిన మాటల జాబితాలోకి ఎక్కింది.

ఆ ఏడాది డిసెంబరు చివర్లో టోక్యో స్టాక్ మార్కెట్ నిక్కీ సూచీ 38,915 దగ్గర ముగిసింది. డబ్బు పొంగుతున్న కాలం, ఆ పొంగు శాశ్వతం అనుకున్న కాలం. అదే సమయంలో, 1988లో, పని భారంతో చనిపోయినవారి కుటుంబాల కోసం లాయర్లు ఫోన్ హాట్‌లైన్ పెట్టారు. రెండూ ఒకే దేశంలో, ఒకే కాలంలో జరిగాయి. ఆ మార్చ్ పాటను ఆఫీసు పార్టీల్లో చాలామంది సరదాగానే పాడుకున్నారు. యాడ్‌లో అతిశయోక్తి కావాలనే పెట్టింది, నవ్వించే ధోరణీ ఉంది. అయినా 24 గంటల పనిని మెచ్చుకోలుగా పాడగలిగే వాతావరణం ఉండబట్టే ఆ నవ్వు పండింది.

తర్వాత పొంగు చల్లారింది. 1997 నవంబరులో యమాయిచి సెక్యూరిటీస్ అనే షేర్ల వ్యాపార సంస్థ, హొక్కైడో తకుషోకు బ్యాంకు కూలిపోయాయి. 1998లో దేశంలో ఆత్మహత్యలు 30,000 దాటాయి. 1999లో అదే రీగెయిన్ పేరుతో వచ్చిన మాత్రల యాడ్‌కు రియూయిచి సకమోతో ‘ఎనర్జీ ఫ్లో’ వాయించాడు. ఒక్క పియానో, నెమ్మదిగా, మాటల్లేకుండా. పోరాడగలరా అని అడిగిన సరుకే ఇప్పుడు అలసిపోయిన వాళ్ళందరికీ ఈ సంగీతం అంటూ వచ్చింది. ఆ సింగిల్ జపాన్ ఒరికాన్ వారపు చార్టులో మొదటి స్థానానికి ఎక్కిన తొలి వాద్య సంగీతం. సకమోతో అప్పటికే ఆస్కార్ గెలిచిన సంగీత దర్శకుడు, అయినా అతని రచనల్లో మామూలు జనం ఇళ్ళలోకి ఎక్కువగా వెళ్ళింది ఒక మాత్రల యాడ్ కోసం చేసిన పియానో ముక్క.

2014లో రీగెయిన్ గ్యాస్ ఉన్న ఎనర్జీ డ్రింక్‌గా మళ్ళీ వచ్చింది. ఈసారి నినాదం ‘3, 4 గంటలు పోరాడగలరా?’. ఆ ఏడాది జూన్‌లోనే జపాన్ పార్లమెంటు పని భారం వల్ల జరిగే మరణాలను అరికట్టే చట్టం చేసింది. చట్టం వల్ల నినాదం మారిందని అనలేం, కానీ 24 గంటలు అనే మాటను మామూలుగా వాడే రోజులు పోయాయని కంపెనీకీ తెలుసు, చట్టం చేసినవాళ్ళకూ తెలుసు.

పాత పాటకు కొత్త క్యాన్

కొత్త పాట చేయించడం ఒక పద్ధతైతే, అందరికీ తెలిసిన పాతదాన్ని దించడం ఇంకోటి. 2000లో జార్జియా క్యాన్ కాఫీ 1963 నాటి క్యూ సకమోతో పాటను వెతికి పట్టుకుంది. రేపన్నది ఒకటుందిగా అని ధైర్యం చెప్పే తేలికైన పాట. దాన్ని ఆఫీసు ఉద్యోగుల వేషాల్లో ఉన్న కామెడీ నటులతో పాడించారు. మాంద్యంలో ఉద్యోగాలు ఊగుతున్న రోజుల్లో, విరామంలో తాగే కాఫీకి అది అతికినట్టు సరిపోయింది. 2001లో రెండు వేరు బృందాలు దాన్ని సీడీలుగా తెచ్చాయి, రెండూ హిట్టయ్యాయి.

విస్కీది ఇంకో రకం. జపాన్‌లో విస్కీ అమ్మకాలు 1983లో శిఖరానికి చేరి తర్వాత పాతికేళ్ళు పడుతూనే పోయాయి. 1990ల మొదట్లో సయూరి ఇషికావా సంటోరీ క్రెస్ట్ విస్కీకి పాడిన ఒక బార్ పాట ఉంది, బాణీ మసమిచి సుగిది. 2008 తర్వాత సంటోరీ విస్కీని సోడాతో కలిపిన హైబాల్‌గా, పెద్ద గ్లాసులో, బీరుకు పోటీగా కుర్రకారు ముందుకు తెచ్చినప్పుడు అదే పాటను కొత్త గొంతులతో పాడించింది. పాతకాలం నుంచి తాగేవాళ్ళకు అది తెలిసిన పాట, కుర్రాళ్ళకు కొత్త పాట. అమ్మకాలు మళ్ళీ లేచాయి. ఇక్కడ కూడా అసలు మార్పు తాగే పద్ధతిలో వచ్చింది, దుకాణాల్లో ఎలా కలపాలో కంపెనీ మనుషులు వెళ్ళి నేర్పారు. పాట ఆ మార్పు కొత్తగా, ఎబ్బెట్టుగా అనిపించకుండా చూసింది.

టీవీ తర్వాత

2019లో జపాన్‌లో ఇంటర్నెట్ యాడ్ల ఖర్చు టీవీ యాడ్ల ఖర్చును దాటింది. ఇంటిల్లిపాదీ ఒకే పాటను ఒకే వేసవిలో రోజూ వినే పరిస్థితి పోయింది కాబట్టి పది లక్షల సీడీల లెక్కలు ఇక రావు. 2020లో కరోనా వల్ల షూటింగులు ఆగినప్పుడు పొకారీ స్వెట్ విద్యార్థులతో ఎవరి ఇంట్లో వాళ్ళు ఫోన్‌తో తీసుకున్న కోరస్‌ను యాడ్‌గా వేసింది. 2021 యాడ్‌లో స్కూలు వరండా నేలే అలల్లా లేచి పడుతుంటే ఒక అమ్మాయి పరిగెడుతుంది. అది కంప్యూటర్ బొమ్మ కాదు, నిజంగా కదిలే సెట్టు కట్టి తీశారు. పాట కోసం ఐనా ది ఎండ్, రోత్ బార్ట్ బారన్ కలిసి ఏ_ఓ అనే పేరుతో జట్టు కట్టారు. టీవీలో దాని ముక్కలు వచ్చాయి, జనం పూర్తి నిడివి వీడియోను నెట్‌లో వెతుక్కుని మళ్ళీమళ్ళీ చూశారు. 15 సెకన్ల ఇరుకు పోయి, నచ్చితే ఎంతసేపైనా చూసే చోటు వచ్చింది. దాంతో పల్లవి ముందు ఉండాలన్న ఒత్తిడి కాస్త తగ్గింది, అయితే స్కిప్ బటన్ ఉంది కాబట్టి మొదటి ఐదు సెకన్లలో పట్టుకోవాలన్న కొత్త ఒత్తిడి మొదలైంది.

పాత యాడ్ల సంగతి మాత్రం చిక్కుగానే ఉంది. నటుల ఒప్పందాలు, పాట హక్కులు సాధారణంగా కొంత కాలానికే రాసుకుంటారు, గడువు తీరాక కంపెనీ తన యాడ్‌ను తానే మళ్ళీ బయట పెట్టాలన్నా అందరి అనుమతీ తీసుకోవాలి. అందుకే నెట్‌లో దొరికేవి ఎక్కువగా అప్పట్లో ఇళ్ళలో వీడియో క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్నవి, చుక్కలు పడిన బొమ్మతో, సగంలో తెగిన పాటతో. శుభ్రమైన బొమ్మతో చూడాలంటే టోక్యో షియోడోమేలో 2002 నుంచి నడుస్తున్న యాడ్ మ్యూజియం ఉంది, అక్కడ పాత టీవీ యాడ్లు కూర్చుని చూడొచ్చు.